దర్పణసుందరి - రూపగర్వము

హొయ్సలరాజగు విష్ణువర్ధనుడు బేలూరున కట్టించిన చెన్నకేశవాలయము క్రీ. శ. 1117లో ప్రతిష్ఠితమైనది. దాని చూరుక్రింద, స్తంభాగ్రములనుండి ముందునకు వాలియున్న మదనికాప్రతిమలు సుమారు 40 గలవు. వారిలో నొకతె దర్పణసుందరి. ఆమె త్రిభంగిలో నిలిచి, ఒకచేత అద్దము పట్టుకొని, వేరొకచేత కురులు సవరించుకొనుచున్నది. శిరస్సుపై లతావితానము, పాదములకడ చిన్న పరిచారికలు. గనినుండి తీసినపుడు మెత్తనై, గాలి సోకినకొలది గట్టిపడు బలపపురాయి యగుటచే, నగలలోని పూసపూసను విడదీయుట ఉలికి సాధ్యమైనది.

ఈ ప్రతిమను స్త్రీల రూపగర్వమునకు సంకేతముగా భావించుట సులభము. ఐరోపాలో 1485 ప్రాంతమున మెమ్లింగ్ అను చిత్రకారుడు అద్దము పట్టిన స్త్రీని చిత్రించి, ఆ ఫలకములలోనే మృత్యువును నరకమును జేర్చి, సౌందర్యమును మందలించెను. బేలూరున అట్టి మందలింపు కానరాదు. మన ఆలయములందు అలంకారమైన పిదప దేవునకు అద్దము చూపుట ఒక ఉపచారము. దేవునకు ఉపచారమైనది మదనికకు దోషమెట్లగును? కావున మేమీ యద్దమును మంగళవస్తువుగనే గ్రహించుచున్నాము.

అయినను ఈ విగ్రహములయందు గర్వము లేకపోలేదు. దానిని ముఖమున గాక పీఠమున వెదుకవలెను. మదనికలలో కొన్నింటి పీఠములపై వానిని చెక్కిన శిల్పుల పేళ్లు గలవు. బళ్ళిగావెకు చెందిన దాసోజుడును, ఆతని కుమారుడు చావణుడును అట్టివారు. కొందరు పేరుతో తనియక, పోటీశిల్పుల గర్వమడచినవారమని బిరుదములు కూడ చెప్పుకొనిరి. అద్దము చూచుకొనునామెకు మాత్రము చేతిలోని వస్తువును బట్టి వచ్చిన పేరే గతి. ఆమె రాణి శాంతలాదేవియే యనుట జనశ్రుతి.

తెలుగునాట పాలంపేటలోను ఇట్టిదే కనబడును. అచటి 1213 నాటి శాసనము ఆలయనిర్మాతయు, కాకతి గణపతిదేవుని సేనానియు నగు రేచర్ల రుద్రుని కీర్తించుచున్నది. ఆలయము మాత్రము రామప్పగుడియని ప్రసిద్ధము. అది శిల్పి పేరేయని ఐతిహ్యము. అందలి నల్లరాతి మదనికలలో నొకతె ఎత్తుమడమల పాదరక్షలు తొడిగియున్నది. ఆమె సింగారమును నేటికిని జనులు వింతగా చూతురు. ఆమె పేరెవరికిని తెలియదు. 2021లో యునెస్కో ప్రపంచవారసత్వముగా గుర్తించిన ఆ గుడికి ప్రభువు పేరు శాసనమునను, శిల్పి పేరు జనుల నోటను నిలిచినవి.

శిల్పులను నిందించుట మా యుద్దేశము కాదు. మన ప్రాచీనశిల్పులలో పలువురు పేరు చెప్పుకొనకయే పోయిరి. దాసోజునకు ఆ కొంచెపు గర్వమే లేనిచో, నేడాతని పేరు మనకు దక్కెడిది కాదు. కాని గర్వము ఎవరిదని నిర్ణయించునపుడు, సుందరి చేతి యద్దమును చూచిన కన్నులతోనే ఆమె కాళ్లక్రింది యక్షరములను గూడ చదువవలెనని మా మనవి.