చేప ఎంత పెద్దదవుతుంది? పెరుగుదలను నిర్ణయించే అంశాలు

మనుష్యులకైనా పశువులకైనా ఒక వయస్సు దాటిన తరువాత ఎదుగుదల ఆగిపోతుంది. చేపలలో అత్యధిక జాతులకు అట్టి హద్దు లేదు. బ్రతికినంత కాలం అవి పెరుగుతూనే ఉంటాయి. వయస్సు మీరిన కొద్దీ ఆ వేగం మాత్రం తగ్గుతుంది. అందువలన ఒకే జాతికి చెందిన రెండు చేపల తూకంలో ఎంతో భేదం ఉండవచ్చు. ఈ భేదానికి ముఖ్య కారణాలు ఐదు.

జాతి, లింగం: ప్రతి జాతికీ పుట్టుకతో వచ్చిన ఒక అవధి ఉంటుంది. చెరువు పరిగె ఎంత మేసినా జానెడు మించడం అరుదు. బొచ్చె చేప అనువైన జలాశయంలో 20 కిలోలను దాటగలదు. గోదావరికి ఎదురీదే పులసలో మగచేప కంటె ఆడచేప పెద్దది.

ఆహారం, స్థలం: మేత కొద్దిగా ఉండి చేపలు ఎక్కువైతే ఏదీ సరిగా పెరగదు. తమిళనాట జిలేబి అని పిలిచే తిలాపియా దీనికి మంచి ఉదాహరణ. అది చిన్న వయస్సులోనే గుడ్లు పెట్టి, చెరువు నిండా పిల్లలను నింపి, అన్నీ గిడసబారిపోయేలా చేస్తుంది.

వేడిమి, ప్రాణవాయువు: వెచ్చని నీటిలో పిల్లచేపలు త్వరగా పెరుగుతాయి. కాని వేడి పెరిగిన కొద్దీ శరీరానికి ప్రాణవాయువు అవసరం హెచ్చుతుంది, నీటిలో దాని పాలు తగ్గుతుంది. 10 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద సుమారు ఏడున్నర మాత్రమే. అందుచేత చాలా జాతులలో వేడినీటి చేప త్వరగా ఎదిగినా, చివరకు చిన్నదిగానే మిగులుతుంది.

ఆయుస్సు: చెట్టు మానులో వలయాల వలె చేప పొలుసులపైన, చెవిరాళ్ళలోన పెరుగుదల వలయాలు ఏర్పడతాయి. శాస్త్రజ్ఞులు వాటిని లెక్కించి వయస్సు నిర్ణయిస్తారు. ప్రతి వేసవిలో ఎండిపోయే చెరువులోని చేపకు సాధారణంగా ఏడాదికి మించి ఆయుస్సు ఉండదు. నీరు నిలిచే మడుగులోనే పెద్దచేప తయారవుతుంది.

వేట: పెద్దవాటినే ఏరి పట్టే చోట, చిన్నగా ఉండగానే గుడ్లు పెట్టగలిగిన చేపలే సంతానాన్ని మిగుల్చుకుంటాయి. కొన్ని తరాలకు ఆ జాతి సగటు పరిమాణమే తగ్గుతుంది. కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరాన కాడ్ చేపలు అంతకంతకూ చిన్న పరిమాణంలోనే ఈడుకు రావడం గమనించారు. ఆ సంపద కుప్పకూలగా 1992లో అక్కడ వేటను నిషేధించవలసి వచ్చింది.

పెద్ద తల్లిచేప విలువ దాని తూకంతో తేలేది కాదు. 342 సముద్ర జాతులను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చాలా జాతులలో తల్లిచేప బరువు పెరిగే పాళ్ళకంటె సంతానోత్పత్తికి వెచ్చించే శక్తి ఎక్కువ పాళ్ళలో పెరుగుతుంది. అనగా రెండు కిలోల తల్లిచేప ఒక్కటి చేసే మేలును కిలో తల్లిచేపలు రెండు కలిసినా చేయలేవు.

ఈ కారణంగానే పలు ప్రభుత్వాలు వేటకు హద్దులు పెట్టాయి. బంగ్లాదేశ్‌లో పులస జాతికి చెందిన ఇలిష్ పిల్లలను, అనగా 25 సెంటీమీటర్లలోపు వాటిని, నవంబరు నుండి జూన్ వరకు పట్టరాదు. ఒడిశా మొదలు ఆంధ్ర, యానాం మీదుగా తమిళనాడు వరకు తూర్పు తీరంలో 2015 నుండి సాధారణంగా ఏటా ఏప్రిల్ 15 – జూన్ 14 మధ్య 61 రోజులు మరపడవల వేటపై నిషేధం అమలవుతున్నది.

ఊరి చెరువుకైనా ఈ నియమమే వర్తిస్తుంది. గుత్తకు ఇచ్చేటప్పుడు వలకన్ను పెద్దదిగా ఉండాలని షరతు పెట్టడం, వానలు పడి చేప గుడ్లు పెట్టే దినాలలో వల వేయకుండటం, వేసవిలోనూ నీరు నిలిచే ఒక లోతైన గుంటను వేటకు విడిచి ఉంచడం గ్రామస్థుల చేతిలోని పనులే. వీటిని పాటించిన ఊరిలో రాబోయే తరానికీ పెద్దచేప దొరుకుతుంది.