పుట్టుకలో ఆక్సిజన్ అందని శిశువులు: భవిష్యత్తు అంచనా

కాన్పు వేళ ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న బిడ్డకు మున్ముందు నడక, మాట, చూపు ఎలా ఉంటాయో చెప్పడం కష్టం. ‘పుట్టగానే ఏడ్చిందా?’ అన్న ఇంటివాళ్ల మొదటి ప్రశ్నగానీ, పుట్టిన వెంటనే బిడ్డ పరిస్థితిని అంచనావేసే ఎప్గార్ స్కోరుగానీ ఒక్కటే చాలవు. 1976లో పరిశోధకులు హార్వే, మార్గరెట్ సార్నాట్‌లు స్పృహ, కండరాల బిగువు, చప్పరింపు, మూర్ఛల వంటివి చూసి ఈ మెదడు దెబ్బలో మూడు దశలు గుర్తించారు. తేలికపాటి దశలో ఎక్కువమంది కోలుకుంటారు. తీవ్రమైతే మరణం, సెరిబ్రల్ పాల్సీ ముప్పు ఎక్కువ. చిక్కంతా మధ్య దశతోనే. అక్కడ మొదటి వారంలో తీసే ఎంఆర్‌ఐ ఆదుకుంటుంది: మెదడు లోతట్టున బేసల్ గాంగ్లియా, థలమస్ దెబ్బతింటే కదలికలకు ఇబ్బంది. మెదడును కాపాడేందుకు శరీరాన్ని చల్లబరచి 72 గంటలపాటు 33–34 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచే చికిత్సలో, మెదడు విద్యుత్ చర్యను నమోదుచేసే ఈఈజీ ఆలస్యంగా కుదుటపడవచ్చు. అందుకే మొదటిరోజు ఈఈజీ గీతలు చూసి ఆశ వదలకూడదు. 18–24 నెలల పరీక్షలో బాగున్న పిల్లల్లోనూ చదువు, ఏకాగ్రత లోపాలు బడికి వెళ్లాకే బయటపడవచ్చు.