అరిస్టాటిల్ లాంతరు

సాయంత్రం కాగానే లాంతరు చిమ్నీ తుడిచి దీపం పెట్టడం మన అమ్మమ్మల నాటి పని. ఆ లాంతరు పేరే సముద్రంలోని ఒక జీవి నోటికి పెట్టారంటే ఆశ్చర్యంగా లేదూ?

ఆ జీవి సీ అర్చిన్. చూడడానికి ఉమ్మెత్తకాయలా ఒళ్ళంతా ముళ్ళే. నోరు అడుగువైపున ఉంటుంది. రాళ్ళకు పట్టిన నాచును గీరి తింటుంది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు పండితుడు అరిస్టాటిల్ దీన్ని పరిశీలించి, చుట్టూ రేకులు లేని లాంతరులా ఉందని రాశాడు. ఆ కాలపు లాంతర్లకు గాజు బదులు, కొమ్మును పలచగా చెక్కి బిగించేవారు. 1734లో క్లైన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ నోటి దవడలకు 'అరిస్టాటిల్ లాంతరు' అన్న పేరు ఖాయం చేశాడు.

ఇక్కడొక చిక్కుందండీ. అరిస్టాటిల్ గ్రంథపు రాతప్రతులు కొన్నింటిలో 'నోరు' అనీ, కొన్నింటిలో 'శరీరం' అనీ ఉంది. గ్రీకులో ఆ రెండు మాటలూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఆయన లాంతరుతో పోల్చింది నోటిని కాదు, మొత్తం గుల్లనే అని గ్రీసు దేశపు శాస్త్రజ్ఞులు ఇద్దరు 2008లో వాదించారు. పేరు మాత్రం నోటికే నిలిచిపోయింది.

సరే, ఈ లాంతరు పసి అర్చిన్‌లో ఎలా తయారవుతుంది? అది చూడాలంటే సూక్ష్మదర్శిని రావలసి వచ్చింది. 1922లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో డి.డబ్ల్యు. దేవనేశన్ సరిగ్గా ఈ విషయం మీదే ఒక వ్యాసం ప్రచురించారు. ఆ పేరు వింటేనే మన దక్షిణాది పేరని తెలుస్తుంది కదా!

గుడ్డులోంచి వచ్చేది నీళ్ళలో తేలే లార్వా. దాని నోరు వేరు. దాని ఎడమపక్కన బుల్లి అర్చిన్ మొలకెత్తుతుంది. రూపు మారేటప్పుడు పాత నోరు పోతుంది. కొత్త నోరు తెరుచుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. అంతవరకూ పిల్లకు తిండి లేదు, ఒంట్లో దాచుకున్నదే ఆధారం. అప్పటికి దవడలు అమరకపోతే ఆ ప్రాణి బతకదు.

అందుకే పళ్ళ మొలకలు ముందుగానే కనబడతాయి. సన్నని సున్నపు పుల్లలు కొమ్మలు వేసి జల్లెడలా అల్లుకుంటాయి. దవడలు అయిదు. ఒక్కొక్కటీ రెండు సగాలుగా విడివిడిగా పుట్టి తరువాత కలుస్తాయి. పళ్ళు కూడా అయిదే. మిగతా చిన్న ముక్కలతో లెక్క వేస్తే మొత్తం 40!

మన పిల్లల పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి. అర్చిన్ పళ్ళు అలా కాదు. కింద అరుగుతూ, పైనుంచి పెరుగుతూ జీవితాంతం పదునుగానే ఉంటాయి.

లాంతరుకు పేరు పెద్దాయనది. అది ముక్క ముక్కగా ఎలా కూడుతుందో చెప్పినవారు మాత్రం సూక్ష్మదర్శిని ముందు ఓపికగా కూర్చున్నవారు. వారి పేర్లూ మన పిల్లలకు చెబుదాం.