పాత పరిశోధకుడు, కొత్త వేషము

నేరస్థుడెవడో ముందుగనే తెలిసిన కథను మరల చూచుటకు మనమేల కూర్చుందుము? దీపములు పెట్టిన పిమ్మట ఇంటిల్లిపాదియు కడపబండల నేలమీద చాప పరచుకొని టెలివిజను ముందు చేరినప్పుడెల్ల మాకీ ప్రశ్న తోచుచుండును. పుస్తకములో పలుమార్లు చదివిన అపరాధ పరిశోధక కథయే అది. అయినను తెరమీద తలుపు కిఱ్ఱుమనగానే పిల్లలతోపాటు పెద్దలును ఊపిరి బిగబట్టుదురు. ఇందలి మర్మమును కొంచెము విచారింతము.

బ్రిటిష్ వైద్యుడైన ఆర్థర్ కోనన్ డాయిల్ 1887లో షెర్లాక్ హోమ్సును లోకమునకు పరిచయము చేసెను. నలువది సంవత్సరములలో 4 నవలలు, 56 కథలు వెలువడినవి. ఆ కథలు నేటి లండనులో జరిగినట్లు మార్చి, 2010లో బి.బి.సి. వారు 'షెర్లాక్' అను టెలివిజను నాటకములుగా మలచిరి. గుఱ్ఱపుబండి పోయి టాక్సీ వచ్చినది; తంతివార్త పోయి సెల్‌ఫోను వచ్చినది. మారనిదొకటి గలదు. మూలకథలో వాట్సను ఆఫ్ఘన్ యుద్ధములో గాయపడి వచ్చిన వైద్యుడు. నూటయిరువది యేండ్లు గడచినను అతడు ఆఫ్ఘన్ యుద్ధమునుండియే వచ్చెను. ఈ పోలికను రచయితలు కల్పింపనక్కర లేకపోయెను. చరిత్రయే దానిని సమకూర్చినది.

1890 నాటి నవలలో హోమ్సు ఒక జేబుగడియారమును పరీక్షించును. తాళపుచెవి పెట్టు రంధ్రము చుట్టును గీతలున్నవి, వణకుచేతి గుర్తులవి, కనుక సొంతదారు త్రాగుబోతు. కొత్త నాటకములో సెల్‌ఫోనునకు విద్యుత్తు ఎక్కించు రంధ్రము చుట్టును అవే గీతలు. అయితే పాతకథలో ఆ త్రాగుబోతు వాట్సను అన్న, కొత్తకథలో సోదరి. సోదరుడని పలికి పరిశోధకుడే పొరబడును! మూలము కంఠస్థమైనవానికిని ఇచ్చట చిన్న ఓటమి తప్పదు. ఆ ఓటమియే వినోదము.

మన దేశములో శరదిందు బందోపాధ్యాయ 1932లో వంగభాషలో సృష్టించిన బ్యోమకేశ్ బక్షీని బాసు చటర్జీ 1993లో దూరదర్శనులో హిందీలో చూపెను. రజిత్ కపూర్ ఆ పాత్ర ధరించెను. కర్నూలు 1839 వరకు నవాబుల యేలుబడిలో నుండినది. కడపయు నవాబుల నెరిగినదే. ఉర్దూ మాట వీథిలో వినబడు ఈ పట్టణములలో ఆ సంభాషణలు పరాయివిగా తోచలేదు. పాంచ్‌కడీ దే వంగ నవలల తెలుగు అనువాదములు, కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అతని సహాయకుడు రాజు మన పాఠకులను అంతకుముందే సిద్ధపరచియుండిరి. బ్యోమకేశ్ తన్ను డిటెక్టివు అనిపించుకొనుటకు ఇష్టపడడు. 'సత్యాన్వేషి' అని చెప్పుకొనును. ఆ పేరులో గంభీరమైన చరిత్ర యిమిడియున్నది.

ఆనవాలు వెదకి సత్యము తేల్చుట అన్ని కాలములందును ఆచారము కాదు. 1855లో చెన్నపట్టణమున ఒక విచారణసంఘము తన నివేదికను వెలువరించెను. పన్ను రాబట్టుటకును, నేరము ఒప్పించుటకును రాజధాని యంతటను సర్కారు నౌకరులు జనులను హింసించుచున్నారని అందు తేలినది. వ్రేళ్లను నలిపెడు 'కిట్టి' యను కొయ్య సాధనము అందు ప్రసిద్ధము. కడప, కర్నూలు సీమలు నాడు ఆ రాజధానిలోనివే. తరువాత 1872 నాటి సాక్ష్యచట్టము పోలీసు అధికారికి చెప్పిన ఒప్పుకోలును నిందితునిపై రుజువుగా వాడరాదని శాసించెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన కొత్త చట్టమును ఆ నియమమును నిలిపియున్నది. వ్రేళ్లను నలుపుటకు మారుగా గడియారము గీతలను పరికించుట ఎంత పెద్ద మార్పో యోచింపుడు.

కోనన్ డాయిల్ స్వయముగా ఈ మార్గమున ఒకరికి మేలు చేసెను. బొంబాయి పార్సీ వంశజుడగు ఒక క్రైస్తవ గురువు కుమారుడు, జార్జి ఎదల్జీ, ఇంగ్లండులో న్యాయవాది. రాత్రివేళ పశువును గాయపరచెనని 1903లో అతనికి 7 సంవత్సరముల శిక్ష పడెను. మూడేండ్లకు విడుదలయైనను నింద తొలగలేదు. డాయిల్ అతనిని కలియబోయినప్పుడు, అతడు వార్తాపత్రికను కన్నులకు మిక్కిలి దగ్గరగా పట్టి చదువుచుండెను. ఇంత చూపు తక్కువవాడు చీకటిలో పొలములు దాటి పోగలడా? 1907లో ఆ నేరమునకు క్షమాపణ లభించెను. నష్టపరిహారము మాత్రము రాలేదు. ఆ యేడే ఇంగ్లండులో నేరముల అప్పీలు న్యాయస్థానము ఏర్పడెను.

మన పల్లెలో గొలుసు పోయినను, గొఱ్ఱె తప్పినను, మొదటి అనుమానము పేదవాని గుడిసెమీదికే పోవును. రుజువు తరువాతి మాట. ఈ అలవాటును మాన్పించుటకు పరిశోధక కథ మంచి ఔషధము.

1963లో కడపలో ఆకాశవాణి కేంద్రము వెలసిననాటినుండి అడుగుల చప్పుడునుబట్టి మనిషిని పోల్చుట మన యిండ్లకు అలవాటైనది. ఈసారి తెరమీద పరిశోధకుడు గుట్టు విప్పబోవుటకు ముందే పిల్లల నడుగుడు: దోషి యెవడు, ఏ ఆనవాలునుబట్టి? పేరు చెప్పినంతమాత్రమున ఒప్పుకొనకుడు, ఆనవాలు చూపుమనుడు.