కలిపిన పొడి మళ్ళీ విడిపోతుంది

జగ్గయ్యపేట పక్కన ధనంబోడు దిబ్బ మీద 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన బౌద్ధ స్తూపం పలకలు సున్నపురాతివి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి అక్కడి మహాచైత్యం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడని శాసనం చెబుతోంది. పల్నాడు నుంచి కృష్ణ దాటి ముక్త్యాల, జగ్గయ్యపేట దాకా పరుచుకున్న ఆ రాతినే మనవాళ్ళు నాపరాయిగా ఇళ్ళలో పరిచారు, బట్టీలో కాల్చి సున్నం చేశారు, గానుగ కట్టి ఇసుకతో కలిపి నూరి గోడలు లేపారు. రాయి పలకగా ఉన్నన్నాళ్ళు దాని మంచిచెడ్డలు శిల్పి కంటికీ సుత్తి మోతకూ తెలిసిపోయేవి. పగులుంటే పక్కన పెట్టి ఇంకో పలక తీసేవాళ్ళు. రాయిని పిండిగా కొట్టి మరో పిండితో కలపవలసి వచ్చాకే అసలు చిక్కు మొదలయింది. పిండిని చూసి అందులో ఏది ఎంత కలిసిందో చెప్పగల కన్ను ఎవరికీ లేదు.

ముక్త్యాల అనగానే నాగార్జునసాగర్ గుర్తుకు రావడం న్యాయమే. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఆ ప్రాజెక్టు కోసం పడ్డ పాటు ఈ ప్రాంతమంతా చెప్పుకుంటుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ ఆనకట్ట కడుతున్న కాలంలోనే, 1958లో, కేసీపీ వారి సిమెంటు ఫ్యాక్టరీ మాచర్లలో మొదలయింది. 1980ల చివరికి జయంతిపురంలో మద్రాస్ సిమెంట్స్, 2011లో ముక్త్యాలలోనే కేసీపీ రెండో ఫ్యాక్టరీ వచ్చాయి. ఈ చరిత్ర రాసేవాళ్ళు పొగగొట్టం ఎత్తు, సిమెంటు కాల్చే కిల్న్ పొడవు, ఏడాదికెన్ని టన్నులు అన్న లెక్కలు రాస్తారు. కలిపే చోటు సంగతి దాదాపు ఎవరూ రాయరు. ఈ ప్రాంతపు పరిశ్రమలో, అది సిమెంటు కానివ్వండి, ఆ తర్వాత వచ్చిన ప్లాస్టిక్ పైపు కానివ్వండి, సరుకు నాణ్యత తేలిపోయేది మంట దగ్గర కాదు, అచ్చు దగ్గర కాదు, కలిపే యంత్రం దగ్గరనేది నా వాదన. ఇంకో మాట కూడా అంటాను. కలపడం చెడేది చాలాసార్లు ఆ యంత్రం కడుపులో కాదు. దానికి ముందు తూచే చోటా, దాని తర్వాత నిలవచేసే చోటా చెడుతుంది. కాబట్టి యంత్రాన్ని బాగుచెయ్యడమంటే ఆ దారి మొత్తాన్ని బాగుచెయ్యడమే.

ముందు సిమెంటు సంగతి. మన దేశంలో 1914లో పోరుబందరులో సిమెంటు తయారీ నిలదొక్కుకున్న దగ్గర్నుంచి 1960ల దాకా ఎక్కువ ఫ్యాక్టరీలు తడి పద్ధతిలోనే నడిచాయి. సున్నపురాయినీ మట్టినీ నీళ్ళు పోసి బురదగా నూరి, పెద్ద తొట్లలో కలియతిప్పి కిల్న్‌లోకి పంపేవారు. ఆ బురదలో మూడో వంతు నీళ్ళే. వాటిని ఆవిరి చెయ్యడానికి తగలేసే బొగ్గు అంతా ఇంతా కాదు. కిల్న్‌లో కాలి గడ్డలుగా వచ్చే క్లింకరు కిలోకు 1,300 కిలో కేలరీలు దాటేది. పొడి పద్ధతికి అందులో సగానికి కాస్త ఎక్కువ చాలు. అంత తేడా తెలిసీ దశాబ్దాల తరబడి నీళ్ళనే పట్టుకుని ఎందుకు కూచున్నారు? బురద తేలిగ్గా కలుస్తుంది, పొడి కలవదు. ముఖ్యమైన కారణం అదే. 1950లలో పొడి నిలవచేసే సైలో అడుగు నుంచి గాలి ఊది, పొడిని నీళ్ళలా పారించి కలిపే పద్ధతి వచ్చింది. ఆ తర్వాత పొడిలో ఏ మూలకం ఎంతో నిమిషాల్లో చెప్పే ఎక్స్‌రే యంత్రాలొచ్చాయి. అప్పుడుగాని పొడి పద్ధతి మీద నమ్మకం కుదరలేదు. 1973లో చమురు ధర పెరగడం ఈ మార్పును తొందరపెట్టిందన్నది నిజమే. కానీ కలిపే మార్గం అప్పటికే చేతికి రాకపోతే ఆ తొందర ఎవరికీ పనికొచ్చేది కాదు.

ఆ సైలోలో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. అడుగున చాపల్లా పరిచిన దట్టమైన గుడ్డ ఉంటుంది, దాని కింద గాలి గదులు. బ్లోయరు పంపిన గాలి గుడ్డలోంచి సన్నగా లేచి పిండిని ఉబ్బిస్తుంది. ఒక్కో గదికీ వంతులవారీగా గాలి వదులుతుంటే పై పొరలూ కింది పొరలూ కలిసిపోతాయి. ఇప్పుడు ఆ గాలిలో తేమ చేరిందనుకోండి. బ్లోయరు దగ్గర నీళ్ళు విడగొట్టే అమరిక పనిచెయ్యక, వానాకాలపు చెమ్మ లోపలికి పోతుంది. గుడ్డ మీద పిండి పెచ్చుకడుతుంది. ఆ మేర గాలి లేవదు, అక్కడి పిండి కదలదు. నెలలు గడిచేసరికి సైలోలో గణనీయమైన భాగం గోడకు గట్టిపడి, పిండి మధ్యలోంచి బొరియ చేసుకుని నేరుగా కిందికి జారుతుంది. బయటికి మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది. బ్లోయరు తిరుగుతోంది, కవాటం తెరుచుకుంటోంది, మీటరు అంకె చూపిస్తోంది. తేడా తేలేది కిల్న్ దగ్గర. పిండిలో సున్నం పాలు ఒక గంట పైకి, ఒక గంట కిందికి ఊగుతుంది. సున్నం ఎక్కువైన గంటలో అది పూర్తిగా కలవక క్లింకరులో విడి సున్నంగా మిగులుతుంది. కిల్న్ నడిపేవాడు బొగ్గు పెంచుతాడు. మరుగంటకు సున్నం తగ్గి, క్లింకరు మాడి గట్టిపడి మిల్లులో నలగదు. ఇలాంటప్పుడు అందరూ మంటనే తప్పుపడతారు, సైలో జోలికి ఎవరూ పోరు. విడి సున్నం మిగిలిన సిమెంటు గోడలోకి పోయాక మెల్లగా నీరు పీల్చి ఉబ్బుతుంది. అందుకే మన ప్రమాణాల్లో లె షాటెలియే పరీక్షలో వ్యాకోచం 10 మిల్లీమీటర్లు దాటకూడదన్న హద్దు ఉంది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఈ ప్రాంతపు రాయి మేలురకం, సున్నం శాతం ఎక్కువ, అలాంటి రాయి ఉన్నచోట కలపడం గురించి ఇంత గొడవ దేనికని అడగవచ్చు. మేలురకం అన్నది సగటు లెక్క. కిల్న్‌కు సగటుతో పని లేదు. ఈ గంట వచ్చిన పిండికీ పోయిన గంట వచ్చిన పిండికీ తేడా ఎంతన్నదే దానికి ముఖ్యం. క్వారీలో ఒక మెట్టు రాయి బూడిదరంగు, పక్క మెట్టులో మట్టి చారలు. వాటిని రెండు లారీల్లో తెచ్చి ఒకదాని వెంట ఒకటి పోస్తే సగటు బాగానే ఉంటుంది, సరుకు పాడవుతుంది. అందుకే మిల్లుకు ముందే రాతిని పొడుగాటి గుట్టగా, పొర మీద పొర పరిచి, తీసేటప్పుడు అడ్డంగా కోస్తారు. ఒక్క కోతలో అన్ని పొరలూ రావాలి. ఆ కోత యంత్రపు పళ్ళు అరిగి గుట్ట అంచు కూలి జారుతుంటే పొరల లెక్క తప్పుతుంది. ఆ తప్పును సైలో సరిదిద్దాలి, సైలో గుడ్డ మూసుకుపోతే కిల్న్ మొయ్యాలి. తప్పు ఒక చోట, శిక్ష ఇంకో చోట.

ఇదే కథ ప్లాస్టిక్‌లో మరింత సూక్ష్మంగా నడుస్తుంది. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు జగ్గయ్యపేట, నందిగామ పొలాలకు వచ్చినా మెట్టంతా కాలువ కిందికి రాలేదు. మిగిలిన చోట్ల బావులు, బోర్లు, వాటి వెంట పైపులు. మన దేశంలో పీవీసీ తయారీ 1961లో బొంబాయిలో కాలికో వారితో మొదలై, 1967లో మేట్టూరుకు చేరింది. 1968లో మద్రాసులో ప్లాస్టిక్ శిక్షణ సంస్థ సీపెట్ వెలిసింది, పీవీసీ పైపుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 4985 కూడా ఆ ఏడాదే వచ్చింది. మన దగ్గర భాభా అణుకేంద్రంలో ఉద్యోగం వదిలి వచ్చిన ఎస్పీవై రెడ్డి నంద్యాలలో 1977లో పాలిథిన్ నల్లపైపు, 1984లో పీవీసీ పైపు మొదలుపెట్టారు. హైదరాబాదు రోడ్డు మీది సూర్యాపేట కూడా పైపులకు పేరు పడింది. ముక్త్యాల వాళ్ళు గమనించవలసిన విషయం ఒకటుంది. పీవీసీ పైపులో రెసిన్ తర్వాత ఎక్కువగా పడే పదార్థం మెత్తగా నూరిన కాల్షియం కార్బొనేట్. అంటే సున్నపురాతి పొడే.

పీవీసీ రెసిన్ ఒంటరిగా వేడిని తట్టుకోలేదు. కరిగే వేడికి రాకముందే హైడ్రోజన్ క్లోరైడ్ ఆవిరి వదిలి ఎర్రబారుతుంది, ఆ ఆవిరే మిగతా రెసిన్ చెడిపోవడాన్నీ తొందరపెడుతుంది. అందుకని వంద పాళ్ళ రెసిన్‌కు రెండుమూడు పాళ్ళు స్టెబిలైజరు, కొద్దిగా మైనం, సున్నపురాతి పొడి, రంగు కలుపుతారు. హైస్పీడ్ మిక్సర్లో అడుగున తిరిగే బ్లేడు రాపిడికే పొడి వేడెక్కి 115 నుంచి 120 డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు పక్కనున్న కూలర్లోకి వదిలి 50 డిగ్రీల లోపుకు దించాలి. ఏది ఎప్పుడు వెయ్యాలన్నదానికి వరస ఉంది. స్టెబిలైజరు ముందు వేస్తే కరిగి రెసిన్ గింజకు పడుతుంది. సున్నపురాతి పొడి ఆలస్యంగా వెయ్యాలి, ముందే వేస్తే మైనాన్ని అదే పీల్చేసుకుంటుంది, బ్లేడునూ అరగదీస్తుంది. అరిగిన బ్లేడు ముందుగా కనిపించేది అమ్మీటరులో. నిరుడు ఎనిమిది నిమిషాల్లో చేరిన వేడికి ఇప్పుడు పన్నెండు పడుతుంటే, కరెంటు అంకె కిందికి పడుతుంటే, బ్లేడుకూ తొట్టి అడుగుకూ సందు పెరిగిందన్నమాట. ఆ సందులో చిక్కుకున్న పొడి బ్యాచి బ్యాచికీ మాడి, పైపులో గోధుమరంగు మచ్చై తేలుతుంది. మచ్చ చూసి, పైపు తీసే ఎక్స్‌ట్రూడర్ వేడి తగ్గించేవాళ్ళే ఎక్కువ.

కూలర్ విషయంలో ఈ నేలకు ప్రత్యేకమైన కష్టం ఉంది. సున్నపురాతి నేలలో బోరునీళ్ళు కఠినం. శుద్ధి చెయ్యకుండా ఆ నీళ్ళు కూలరు జాకెట్లో తిప్పితే లోపల గార కడుతుంది. గార వేడిని దాటనివ్వదు. పొడి 50కి దిగకుండా 70 దగ్గరే బయటికొచ్చి, నిలవతొట్టిలో తన వేడికి తనే గడ్డకడుతుంది. పైన మూతకున్న ఆవిరి గొట్టం బట్ట మూసుకుపోతే, మిక్సర్లో లేచిన తేమ మూతకు చెమటపట్టి తిరిగి పొడిలోనే పడుతుంది. పైపు గోడలో బుడగలకు ఒక మూలం అదే. నీళ్ళ శుద్ధి, జాకెట్ కడగడం, గొట్టం బట్ట మార్చడం వంటి పనులేవీ మిక్సర్ రిపేరు కింద ఎవరి లెక్కలోనూ పడవు. కానీ మిశ్రమం మంచిచెడ్డలు వాటి చేతిలోనే ఉన్నాయి.

బాగా కలిసిన పొడి కూడా కలిసే ఉండిపోదు. సన్నపొడీ ముతకపొడీ కలిపి ఎత్తు నుంచి తొట్టిలోకి పోస్తే ముతక పక్కలకు దొర్లుతుంది, సన్నం నడిమిన నిలుస్తుంది. తొట్టి అదురుతుంటే, చేటలో చెరిగితే నూకలు వేరయినట్టు, కష్టపడి కలిపింది మళ్ళీ విడిపోతుంది. 1954లో లేసీ అనే పరిశోధకుడు పొడులు కలిసే తీరు మీద రాసిన సిద్ధాంతం, ఎంత కలిసిందన్నది నమూనాల మధ్య తేడాను బట్టే చెప్పగలమంది. ఆ నమూనా ఎక్కడ తీశారన్నది దానికి సమానమైన ప్రశ్న. మిక్సరు నోటి దగ్గర తీసిన నమూనా ఎక్స్‌ట్రూడర్ గొంతులో ఏముందో చెప్పదు. నల్లపైపుకు ప్రమాణం అడిగే కార్బన్ బ్లాక్ 2.5 శాతం, అటూఇటూ అర శాతం. దాన్ని దాణాలో కలిపే తూకపు బ్లెండరుకు బరువు పట్టే లోడ్‌సెల్లే కళ్ళు. పైనున్న గాలిగొట్టం తూకపు తొట్టికి ఆనుకుంటే, పక్క మోటారు అదురు అందులోకి దిగితే, జారే తలుపు అంచున నాలుగు గింజలు ఇరుక్కుంటే తూకం తప్పుతుంది. తెర మీద అంకె మాత్రం సరిగ్గానే ఉంటుంది. ఖాళీ తొట్టికి సున్నా చూపుతోందా, తెలిసిన బరువు పెడితే అంతే చూపుతోందా అన్న రెండు ప్రశ్నలు షిఫ్టుకొకసారి అడిగితే తీరే జబ్బు ఇది. 2003లో రాష్ట్రం సూక్ష్మసేద్యం పథకం తెచ్చాక ఎండలో పడివుండే నల్లగొట్టం మైళ్ళకొద్దీ పరుచుకుంది. కార్బన్ బ్లాక్ తగ్గిన చోట ఆ గొట్టాన్ని మన ఎండ పెళుసుబారుస్తుంది. నష్టం రైతుది, తప్పు తూకానిది.

అంతా కంప్యూటరే చూసుకునే రోజుల్లో ఈ బాధ దేనికని కొందరంటారు. ఎక్స్‌రే యంత్రం, లోడ్‌సెల్ వచ్చాక కలపడం మెరుగయిందన్నది కాదనలేం. పైన చెప్పిన పొడి పద్ధతి గెలుపే దానికి సాక్ష్యం. కానీ మూసుకుపోయిన గుడ్డా, గార పట్టిన జాకెట్టూ ఏ తెర మీదా కనిపించవు. ఇంకొందరు ఇంకాస్త సేపు తిప్పితే సరిపోతుందంటారు. పీవీసీని ఇంకాస్త సేపు తిప్పితే వేడెక్కి స్టెబిలైజరులో కొంత అక్కడే ఖర్చయిపోతుంది, పైపు అచ్చుకు వచ్చేసరికి మిగిలింది చాలదు. యంత్రం ఆపితే నష్టమన్న యజమాని మాటకు బలముంది. ఒక పూట ఉత్పత్తి పోతే ఎంతో ఆయన లెక్క కట్టగలడు. నేలలో పూడ్చిన పైపు పదేళ్ళకు పగిలితే అది ఎవరి లెక్కలోకీ రాదు, కాబట్టే ఆ వాదన ఎప్పుడూ గెలుస్తూ వచ్చింది.

ఇప్పుడు ఆ వాదనకు గడ్డుకాలం వచ్చింది. పీవీసీ పైపుల్లో సీసం స్టెబిలైజర్లను అరికట్టే నిబంధనలు కేంద్రం 2021లో తెచ్చింది. తాగునీటి గొట్టంలో సీసం ఉండకూడదన్నది ఎప్పుడో రావలసిన మాట. దాని స్థానంలోకి వచ్చిన కాల్షియం-జింక్ రకాలు సీసంలా అలసత్వాన్ని ఓర్చుకోవు. సీసం ఉన్నప్పుడు అయిదారు డిగ్రీలు అటూఇటూ అయినా, మైనం వరస తప్పినా పైపు వచ్చేసేది. ఇకమీదట అలా రాదు. సూర్యాపేట నుంచి బెజవాడ దాకా, పెద్ద ఫ్యాక్టరీలో అయినా రెండు లైన్ల షెడ్డులో అయినా, బ్యాచికి పట్టిన నిమిషాలు, దించిన వేడి, అమ్మీటరు అంకె, కూలరు నుంచి దిగిన వేడి రోజువారీ పుస్తకంలో రాసిపెట్టాలి. ఏడాది పాటి పుస్తకం తిరగేస్తే బ్లేడు ఏ నెలలో అరగడం మొదలయిందో, జాకెట్లో గార ఎప్పుడు ముదిరిందో తేదీలతో సహా కనిపిస్తుంది. ఫ్యాక్టరీ మూతపడ్డ రోజున ఇనుముతో పాటు తూకానికి పోయే ఆ పుస్తకాలను కూడా, ధనంబోడు పలకలను దాచినంత శ్రద్ధగా కాకపోయినా, ఏ కాలేజీ గ్రంథాలయమో సీపెట్ కేంద్రమో తీసి పెట్టుకోవాలి.