గోడ దాటి వచ్చిన వైద్యం



ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే పక్కింటివారితో చెప్పుకుంటాం. మతి చలిస్తే మాత్రం తలుపులు మూసుకుంటాం. ఆ మూసిన తలుపుల వెనుక సేవ చేసేది చాలావరకు తల్లో, భార్యో, కోడలో గదా! అందుకే ఈ చరిత్ర మనకు తెలియాలి.

తెల్లదొరలు 1912లో ఉన్మాదుల చట్టం తెచ్చారు. రోగిని ఊరికి దూరంగా, గోడల మధ్య ఉంచడమే ఆనాటి పద్ధతి. లోపలికి వెళ్ళినవారిలో ఎందరో మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు.

1950ల్లో అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ గారు కొత్త దారి తొక్కారు. ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగితోపాటు ఇంటివారినీ ఉండమన్నారు. జబ్బు తీరేమిటో, మనిషిని ఎలా చూసుకోవాలో వారు దగ్గరుండి నేర్చుకున్నారు. అదే దశాబ్దంలో క్లోర్‌ప్రోమజీన్ వంటి మందులు వాడుకలోకి వచ్చాయి. ఇంటిపట్టునే వైద్యం సాధ్యమన్న ఆశ కలిగింది.

మరి పల్లెల సంగతి? ఇంత దేశానికి మానసిక వైద్యులు గుప్పెడుమంది. అందుకని 1982లో మొదలైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకే ఈ జబ్బుల గురించి తర్ఫీదు ఇవ్వాలన్నది. బెంగుళూరు నిమ్హాన్స్ వారు 1985 నుంచి, మన రాయలసీమను ఆనుకొని ఉన్న బళ్ళారి జిల్లాలో ఇది చేసి చూపించారు. ఆరోగ్య కార్యకర్తలు కూడా రోగుల్ని గుర్తించడం నేర్చుకున్నారు. ఆ నమూనానే 1996లో నాలుగు జిల్లాల్లో ప్రారంభించారు. అందులో మన మెదక్ ఒకటి.

అయినా చీకటి పూర్తిగా తొలగలేదమ్మా. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పారిపోలేక, 28 మంది రోగులు ప్రాణాలు విడిచారు. వారిని అక్కడ వదిలినవారూ నయమవుతుందన్న ఆశతోనే వదిలి ఉంటారు. చికిత్స వారి ఊరికే వచ్చి ఉంటే!

2017 నాటి చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ప్రభుత్వ వైద్యం పొందడం ప్రతివారి హక్కని చెప్పింది. 2022లో 14416 నంబరుతో టెలి మానస్ వచ్చింది. ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చట్టాలు వచ్చాయి, మందులు వచ్చాయి. ఇక మూసిన తలుపు తీయడం మన చేతిలో ఉంది. మందు మొదలుపెట్టాక, కాస్త నెమ్మదించింది గదా అని డాక్టరును అడక్కుండా మానిపించకండి. అలసిపోతే ఆ మాట కూడా పైకి చెప్పండి. సేవ చేసే మనిషికీ సాయం కావాలి గదా!