యూనిక్సు యంత్రమునకు వెలుపలి డిస్కు: ప్రత్యంతర విచారము

శ్రీకాకుళ మండలమున పలాస, టెక్కలి ప్రాంతముల కడలియంచున నున్న తోటల సీమకు ఉద్దానమని పేరు. అక్కుపల్లి యా సీమలోని తీరగ్రామము. కొబ్బరి, జీడిమామిడి యచటి ప్రజల కలిమి. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ యను తుపాను పలాస సమీపమున తీరము దాటి యా తోటలను నేలగూల్చినది. కూలిన చెట్టుకు మారుగా వేరొక మొక్కను నాటవచ్చును. ఒక యింట నున్న యేకైక గ్రంథప్రతి తడిసి నశించినచో దానిని మరల మొలిపించు విత్తనము లేదు. కావున గ్రంథమునకు ప్రత్యంతరముండవలెను. అది వేరొక తావున నుండవలెను. ఈ నియమము తాటాకులకెట్లో కంప్యూటరు డిస్కులకు నట్లే వర్తించునని చూపుట యీ వ్యాసమున కుద్దేశము.

పూర్వము తాళపత్రములు శిథిలమగుచుండ, లేఖకులు మాతృకను జూచి క్రొత్తప్రతులు వ్రాసెడివారు. 19వ శతాబ్ది పూర్వార్ధమున సి. పి. బ్రౌను పండితులను జీతములపై నియమించి పెక్కు తెలుగు కావ్యములకు ప్రతులు వ్రాయించుటయు నీ సంప్రదాయమునకు జెందినదే. యంత్రయుగమున మాతృక యొక్క రూపము మారినది. 1956లో ఐబీఎం సంస్థ వెలయించిన తొలి డిస్కుయంత్రమున 50 పళ్లెములుండెను. అవి యన్నియు గలిసి 50 లక్షల అక్షరములను మాత్రమే భరించెను. 1969లో బెల్ ప్రయోగశాలలందు యూనిక్సు పుట్టినది. 1982లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ యేర్పడి, యూనిక్సుతో నడచు వర్కుస్టేషనులను విశ్వవిద్యాలయములకు జేర్చినది. వెలుపలి డిస్కులను గూర్చుటకు దగిన స్కజీ యను సంధానపద్ధతి 1986లో అమెరికా జాతీయ ప్రమాణమైనది. ఆ పద్ధతి నంగీకరించిన స్పార్క్‌స్టేషను 1 అనునది 1989లో వెలువడినది.

తెలుగువారి కీ చరిత్రతో సంబంధము లేకపోలేదు. 1990 దశకారంభమున అమెరికా విశ్వవిద్యాలయములలో యూనిక్సు యంత్రములు విరివిగ వాడుకలో నుండగా, రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అను వారు రోమను లిపిలో వ్రాసిన తెలుగును తెలుగు లిపికి మార్చు సాధనమును నిర్మించిరి. ప్రవాసాంధ్రులు ఆ లిప్యంతరీకరణములో పద్యములు, వ్యాసములు వ్రాసికొని పరస్పరము పంపుకొనిరి. అట్టి కాలపు వ్రాతలు నేడు పాత డిస్కులలో మిగిలియున్నచో, వానిని జదువుటకు ఆ యంత్రముల మర్యాద నెరిగియుండవలెను.

అందు మొదటిది సంఖ్యానిర్ణయము. ఆనాటి స్కజీ వరుసలో 0 మొదలు 7 వరకు ఎనిమిది స్థానములు కలవు. 7 సామాన్యముగ యంత్రమునకే చెందును. రెండు పరికరముల కొకే సంఖ్య యున్నచో యంత్రము వానిని సరిగా గుర్తింపజాలదు. స్పార్క్‌స్టేషను 1లో మొదటి డిస్కునకు సున్న గాక 3 సంఖ్యగా నుండుట క్రొత్తవారిని తికమకపెట్టును. రెండవది కొసకట్టు. తీగవరుస చివర టెర్మినేటరు లేనిచో సంకేతములు ప్రతిధ్వనివలె వెనుకకు మరలి, తరువాతి సంకేతములతో గలిసి యక్షరములను జెరచును. తొలినాటి సామాన్య స్కజీలో తీగల మొత్తము పొడవు 6 మీటరులకు మించరాదు. మూడవది విద్యుత్క్రమము. ముందు డిస్కుపెట్టెకును, పిమ్మట యంత్రమునకును విద్యుత్తు నీయవలెను. యూనిక్సు మేలుకొనకముందే ‘ప్రోబ్-స్కజీ’ యను నాజ్ఞ నిచ్చినచో వరుసలోని పరికరముల పట్టిక తెరపై గానవచ్చును.

క్రొత్త డిస్కైనచో ‘ఫార్మాట్’ అను నాజ్ఞతో విభాగములు చేసి, ‘న్యూఎఫ్ఎస్’తో దస్త్రవ్యవస్థను నెలకొల్పి, ‘మౌంట్’తో జతపరుతురు. యూనిక్సున సమస్త దస్త్రములును ఒకే వృక్షమునకు శాఖలు. వెలుపలి డిస్కు ఆ వృక్షమున కంటుగట్టిన కొమ్మవంటిది. వ్రాయవలసిన దానిని యంత్రము కొంతసేపు తన జ్ఞాపకమున నిలుపుకొనును. కావున ‘అమౌంట్’ అను నాజ్ఞ నీయక డిస్కును విడదీసినచో తుదిపుటలు నష్టమగును.

పాత డిస్కు విషయమున నీ క్రమమే విషమగును. దానిపై ‘న్యూఎఫ్ఎస్’ ప్రయోగించినచో పూర్వపు దస్త్రముల సూచిక తుడిచివేయబడును. తాటాకు కట్టను విప్పి యాకుల సంఖ్యలను గీకివేసినట్లగును. వివేకియగు పరిశోధకుడు మొదట ‘డీడీ’ యను నాజ్ఞతో డిస్కు నంతటిని అక్షరాక్షరముగ నకలు చేయును. మాతృకను నకలును సరిపోల్చును. పిమ్మట నకలును జదువుటకు మాత్రమే తెరచును. ఇది ప్రాచీన లేఖకుల ధర్మమే. సన్ యంత్రముల దస్త్రవ్యవస్థను లినక్సు చదువగలదు గనుక, డిస్కు తిరుగుచున్నంతకాలము ఉద్ధరణమున కవకాశము కలదు.

అక్షరములు చేతికి వచ్చినను అర్థము చేతికి వచ్చునని చెప్పరాదు. రోమను లిపిలో వ్రాసిన తెలుగు, సాధనము పోయినను, కంటికి జదువవచ్చును. ఒక్కొక్క వ్యాపారసంస్థ తన ఫాంటునకు మాత్రమే తగునట్లు సంఖ్యలు కేటాయించి వ్రాయించిన తెలుగు, ఆ ఫాంటు లేనిచో గజిబిజి గీతలే యగును. 1991లో వెలువడిన యూనికోడు తెలుగునకు 128 స్థానములు గల ప్రత్యేక విభాగము నొసగి యీ చిక్కునకు దారి చూపినది. కాని పాతవ్రాతలను దానిలోనికి మార్చు పని వేరుగ జరుగవలసినదే.

దీనివలన దేలునది యిది. డిస్కు పెట్టె వెలుపల నుండుటమాత్రమున నకలు క్షేమము గాదు. ఒకే గదిలోని రెండు డిస్కులును ఒకే వరదకు లోనగును. ప్రతి యింటికి వెలుపల, తుపాను దారికి వెలుపల, ఒక్క సంస్థయొక్క లిపిమర్మమునకు వెలుపల నుండినపుడే నిజమైన ప్రత్యంతరమగును. తీరగ్రామములలో వ్రాతప్రతులను ఛాయాచిత్రములు తీయించి దాచుకొనువారు ఒక నకలును దూరపు పట్టణమున నుంచి, ఏటేట తెరచి చూచి, యంత్రములు మారునపుడెల్ల క్రొత్త డిస్కున కెక్కించుచుండవలెను. గ్రంథమును బ్రదికించునది తాటాకును గాదు, డిస్కును గాదు; ఎడతెగక ప్రతి యెత్తెడి పరంపరయే.